కెన్యా పల్లెల్లో మూడు నెలలు వాలంటీరుగా వెళ్ళాలనుంది, తెలిసినవాళ్ళు చెప్పండి

మల్లెమొగ్గ_హైద్ · మే 4

అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా కంపెనీలో జీతం లేని సెలవు మూడు నెలలు ఇస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కెన్యాలో మకుయేని కౌంటీకి వెళ్ళాలని ఆలోచిస్తున్నాను. అక్కడ ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉంది. ఆఫీసంతా కలిపి పట్టుమని పదిమంది లేరు. పల్లెల్లోని స్వయం సహాయక సంఘాలతో కలిసి ఎండిపోయే వాగుల మీద ఇసుక ఆనకట్టలు కడతారు, పొలాలకు గట్లు వేస్తారు.

నీళ్ళ పనే ఎందుకంటే, మా అమ్మమ్మది దేవరకొండ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆమె మోకాళ్ళు వంగిపోయాయి, చివరి పదేళ్ళు గోడ పట్టుకునే నడిచింది. భగీరథ నీళ్ళు వచ్చాక ఆ ఊళ్ళో కష్టం చాలావరకు తీరింది, కానీ ఆమె చూడలేదు. నీళ్ళ కోసం ఎవరైనా నడుస్తున్న ఫొటో కనిపిస్తే నాకు ఆమే గుర్తొస్తుంది.

నా భయం ఒక్కటే. నేను వెళ్తే వాళ్ళకి పనికొస్తానా, భారమవుతానా? అమ్మకి వేరే టెన్షన్: ఆడపిల్ల, ఒక్కతే, ఆఫ్రికా. వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడ ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

నరసాపురం_నైరోబీ · మే 4

చెల్లీ, నేను పదకొండేళ్ళుగా నైరోబీలో అకౌంట్స్ పని చేస్తున్నాను. ముందు పనికొచ్చే సంగతులు చెప్తాను.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకో. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ రోజు వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కో. టీకా వేసిన పది రోజుల తర్వాతే దానికిచ్చే పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) చెల్లుబాటులోకి వస్తుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. వీసా 2024 జనవరి నుంచి లేదు, దాని బదులు ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అది విజిటర్లకి మాత్రమే. జీతం లేకపోయినా వాలంటీరు పనిని ఇక్కడ పనిగానే చూస్తారు కాబట్టి స్పెషల్ పాస్ (కొద్దికాలం పని చేయడానికి ఇచ్చే అనుమతి) సంగతి ఆ సంస్థనే అడుగు. "టూరిస్టునని చెప్పి వచ్చెయ్, ఏం కాదు" అన్నారంటే ఆ సంస్థ నమ్మదగింది కాదు.

2017 ఆగస్టు నుంచి ఇక్కడ ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. అమ్మ పెట్టే పచ్చళ్ళు, పొడులు స్టీలు డబ్బాల్లోనో గట్టి సీసాల్లోనో పెట్టుకో. గుడ్డ సంచులు తెచ్చుకో. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడుగు. నైరోబీ ఎత్తు మీద ఉంటుంది, కానీ నువ్వు వెళ్ళేది కిందికి, వేడి ప్రాంతానికి.

ఇంకో మాట. ఇక్కడ తెల్లవాళ్ళని ముజుంగు అంటారు, మనల్ని ముహిండీ అంటారు. 1896లో మొదలైన రైలుమార్గం కోసం వేలమంది కూలీల్ని ఇండియా నుంచి తెచ్చారు, ఎక్కువమంది పంజాబ్ వైపు నుంచి. తర్వాత గుజరాతీలు మారుమూల పల్లెల దాకా వెళ్ళి కొట్లు పెట్టారు. అందుకే పల్లెవాళ్ళకి తెలిసిన ఇండియన్ అంటే షాపు ఓనరో, ఫ్యాక్టరీ యజమానో. ఇండియన్ మనిషి వచ్చి తమతోపాటు రాయి మోయడం చాలామంది చూసి ఉండరు. మొదటివారం నిన్ను కొంచెం దూరంగానే చూస్తారు, మనసులో పెట్టుకోకు.

అమ్మగారికి నా నంబర్ మెసేజ్‌లో పంపుతాను. మా ఆవిడతో మాట్లాడమను.

పల్నాటి_రైతుబిడ్డ · మే 5

తప్పుగా అనుకోకండి. మన దగ్గర పేదలు లేరా? మా ఊళ్ళో ఇప్పటికీ ఏప్రిల్ వస్తే ట్యాంకరే దిక్కు. ఇంత ఖర్చు పెట్టుకుని సముద్రం దాటి వెళ్ళే బదులు ఆ మూడు నెలలు ఇక్కడే ఏ ఊళ్ళోనైనా పనిచేస్తే ఎంతో మేలు కదా. చదువుకున్న పిల్లలందరూ దూరపు కొండలే చూస్తున్నారని బాధతో అంటున్నాను.

చిత్రావతి_ఒడ్డు · మే 5

రైతుబిడ్డ గారూ, మీ బాధ నాకు అర్థమైంది. అయినా నేను అనంతపురం వాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలి. 1969లో పేదల కోసం పనిచేయడానికి విన్సెంట్ ఫెర్రర్ గారు మా జిల్లాకి వచ్చారు. స్పెయిన్ మనిషి. మా కరువు ఆయన పుట్టిన దేశపు కరువు కాదు. స్పెయిన్‌లో పేదలు లేరా అని ఆయన్ని ఎవరైనా ఆపి ఉంటే నష్టపోయేది మేము. 2009లో ఆయన పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆయన మూడు నెలలకి రాలేదన్నది కూడా నిజమే, ఆ తేడా ఈ అమ్మాయి గుర్తుపెట్టుకోవాలి.

తల్లీ, నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వంలో నీటి పనులు చూసి రిటైరయ్యాను. నువ్వు వెళ్తున్న పని గురించి నాకు తెలిసింది చెప్తాను.

చెలమ అంటే తెలుసు కదా. నా చిన్నప్పుడు ఎండాకాలం చిత్రావతిలో పైకి చుక్క నీరు కనిపించేది కాదు. మా అమ్మ ఇసుకలో మోకాటి లోతు గుంట తీసి, కొబ్బరిచిప్పతో తోడి, మళ్ళీ ఊరేదాకా పక్కనే కూర్చునేది. మకుయేని, మచాకోస్, కిటుయి ప్రాంతాల్లోని కాంబా ప్రజలు చేసేదీ అదే. ఇసుక ఆనకట్ట అంటే ఆ చెలమని పెద్దది చేయడమే.

వాగు అడుగున గట్టి బండ ఉన్న చోటు చూస్తారు. ఆ బండ మీదనుంచి రాతి గోడ లేపుతారు. వానలకు వాగు వచ్చినప్పుడు సన్న మట్టి గోడ మీదుగా నీళ్ళతో పోతుంది, ముతక ఇసుక బరువుకి కిందికి దిగి గోడ వెనక పేరుకుంటుంది. ఒకటి నుంచి మూడు నాలుగు వానకాలాల్లో గోడ పైదాకా ఇసుక నిండుతుంది. ఆ ఇసుక పరిమాణంలో 25 నుంచి 40 శాతం దాకా నీరు పడుతుంది, తోడుకోగలిగేది అంతకంటే కొంత తక్కువ. రెండడుగుల లోతు దాటాక ఎండకి ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. దోమలు గుడ్లు పెట్టడానికి పైన నీరు ఉండదు. పశువులు దిగి పాడుచేయలేవు. ఇసుకే వడగట్టి ఇస్తుంది. చూడ్డానికి చాలా మామూలు పని.

కానీ చెడితే ఘోరంగా చెడుతుంది. నేను చూసిన ఒక చిన్న కట్టడంలో గోడ దృఢంగానే కట్టాం, కానీ గోడ చివర్లని, అంటే రెక్కల్ని, ఒడ్డులోకి సరిగ్గా పొడిగించలేదు. రెండో ఏడు వచ్చిన వాగు గోడని ముట్టుకోలేదు, పక్కన ఒడ్డుని కోసుకుని వెళ్ళిపోయింది. గోడ ఒంటరిగా మధ్యలో నిలబడింది. ఆ పక్క పొలం ఒక వితంతువుది, ఎకరం పోయింది. ఆ పని సైన్ చేసింది నేను. ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

అందుకే ఆ సంస్థని ఇవి అడుగు. చోటు ఎంచింది ఎవరు, మీరా సంఘమా? రెండు ఒడ్లూ ఎవరి పొలాలు, వాళ్ళు కాగితం మీద ఒప్పుకున్నారా? బండ తగిలేదాకా తవ్వి చూశారా? రెక్కలు ఒడ్డులోకి ఎంత దూరం వెళ్తాయి? పై పొలాలకి గట్లు వేశారా, లేకపోతే ఇసుకకి బదులు మట్టే నిండుతుంది. అన్నిటికంటే ముందు, ఐదేళ్ళ కిందట కట్టినవి ఇవాళ ఎలా ఉన్నాయి? దీనికి జవాబు చెప్పడానికి తడబడితే వెళ్ళకు.

పాత_సంచి · మే 6

నేను 2016లో తూర్పు ఆఫ్రికాలో ఒక పట్టణానికి వెళ్ళాను, దేశం కూడా చెప్పను. అనాథాశ్రమంలో ఆరు వారాలు, పిల్లలకి ఇంగ్లిషు చెప్పడం. దానికి నేనే ఎదురు డబ్బు కట్టాను.

ఒక బాబు, ఐదేళ్ళుంటాయి. మొదటిరోజే వచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నాలుగో వారంలో ఒకామె గేటు దగ్గరికి అరటిపళ్ళు పట్టుకొచ్చింది. వాడు "మామా", అంటే అమ్మా, అని అరుస్తూ పరుగెత్తాడు. వాళ్ళమ్మ. నడిస్తే గంట దూరంలో ఉంటుంది. బడి ఫీజు కట్టలేక అక్కడ పెట్టింది. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. అక్కడున్న ఇరవైరెండు మందిలో పద్దెనిమిది మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మాలాంటివాళ్ళం వస్తూ ఉంటాం కాబట్టి ఆ ఇల్లు నడుస్తోంది, ఆ ఇల్లు నడవాలి కాబట్టి పిల్లలు కావాలి. ప్రతి ఆరు వారాలకీ ఒక కొత్త ఒడి వస్తుంది, పోతుంది. ఆ బాబు ఎవరు వచ్చినా అలాగే కూర్చుంటాడని నాకు తర్వాత అర్థమైంది.

కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త అనాథాశ్రమాలకి రిజిస్ట్రేషన్ ఆపేసింది, కారణం ఇలాంటివే.

మల్లెమొగ్గ గారూ, మీరు చెప్తున్నది పిల్లల మధ్య పని కాదు, అది మంచిదే. కానీ దారిలో ఎవరైనా "ఒకసారి మా ఆశ్రమం చూసి వెళ్ళండి" అంటే వెళ్ళకండి. ఆ ఫీజు డబ్బు తల్లికి ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు ఇంట్లోనే ఉండేవాడు.

మల్లెమొగ్గ_హైద్ · మే 9

అందరి మెసేజ్‌లూ రెండేసి సార్లు చదివాను. పాత సంచి గారూ, మీది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. రాసినందుకు థాంక్స్.

చిత్రావతి సార్, మీ ప్రశ్నలన్నీ వాళ్ళకి మెయిల్ పెట్టాను. మూడు రోజులకి జవాబు వచ్చింది. చోటు సంఘమే ఎంచుతుందట, తర్వాత వాళ్ళ టెక్నీషియన్ ఇనుప ఊచ దించి బండ ఎంత లోతులో ఉందో చూస్తాడట. రెండు ఒడ్ల పొలాలవాళ్ళ సంతకాలు లేకుండా సిమెంటు దించరు. రాళ్ళు, ఇసుక, నీళ్ళు, కూలి సంఘానివి. సిమెంటు, ఊచలు, మేస్త్రీ సంస్థవి. సంఘం ముందు పై పొలాల్లో గట్లు తవ్వాలి, అది పూర్తయ్యాకే ఆనకట్ట. పాతవాటిలో ఒకటి తెగిందని, ఇంకొకటి మట్టితో నిండిందని వాళ్ళే రాసి ఫొటోలు పంపారు. ఆ రెండు ఫొటోలు చూశాకే నాకు నమ్మకం కలిగింది.

నేనేం చేయాలని అడిగితే, సంఘాల లెక్కలు, ఆనకట్టల్లో నీటిమట్టం రికార్డులు సరిచేయడంలో సాయం కావాలన్నారు. పని రోజుల్లో అందరితోపాటు రాళ్ళు మోయాలట.

లిలాంగ్వే_సిస్టర్ · మే 10

నేను నర్సుని, మలావీలో ఎనిమిదేళ్ళు చేసి ఇప్పుడు కాకినాడ వచ్చేశాను. 2022–23 కలరా అప్పుడు అక్కడే ఉన్నాను, ఆ దేశం చూసిన కలరాల్లో అదే అతి పెద్దది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చి దక్షిణాన ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. వెనువెంటనే సాయానికి వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు విదేశీ అమ్మాయిలు, ఉత్సాహంతో వచ్చి మందులు పంచుతామన్నారు. వద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేకుండా రోగిని ముట్టుకోకూడదు, మన దగ్గర చేయనివ్వని పని అక్కడ ఎలా చేస్తాం? అదే అమ్మాయిలు తర్వాత వారం రోజులు ఓఆర్‌ఎస్ డబ్బాలు లెక్కపెట్టి రిజిస్టర్ రాశారు. మాకు ప్రాణం లేచివచ్చింది. చెల్లీ, నీకు చెప్పిన లెక్కల పని చిన్నదనుకోకు.

ఇంకో సంగతి. మలావీ పల్లెల్లో చేతిపంపులు ఎక్కువగా ఆఫ్రిడెవ్ రకం. మన ఇండియా మార్క్ 2 కూడా కనిపిస్తుంది, ఊళ్ళో మనం బోరింగు అంటామే, అదే. మొదటిసారి చూసి దగ్గరికెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను, మా ఊరి బడి దగ్గర కొట్టిన బోరింగే గుర్తొచ్చింది. కానీ ఆఫ్రికాలో ఏ సమయంలో చూసినా దాదాపు నాలుగింట ఒకటి నుంచి మూడింట ఒకటి దాకా పంపులు పనిచేయవు. చిన్న వాషర్ అరిగిపోయి ఉంటుంది. ఆ వాషర్ దొరికే కొట్టు ఎక్కడుందో, దానికి డబ్బు ఎవరి పెట్టెలో ఉందో ఊరికి తెలియదు. పంపు ముందు రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగినవాళ్ళు అప్పటికి వెళ్ళిపోయి ఉంటారు. అందుకే సంఘానికి మరమ్మతు డబ్బు విడిగా ఉందా లేదా అన్నది నువ్వు లెక్కల్లో మొదట చూడాల్సింది.

ఫొటోల విషయం. పిల్లల ఫొటోలు పెట్టొద్దు. పెద్దవాళ్ళవైనా అడిగి తీసుకో. మీ అమ్మమ్మ మోకాళ్ళ ఫొటో ఎవరో తెలియనివాళ్ళు పెట్టుకుంటే నీకెలా ఉంటుంది?

తాండూరు_కందిచేను · మే 10

అక్కా, నాదొక చిన్న మాట. మేము కంది రైతులం. మకుయేని, కిటుయి, మచాకోస్ అన్నీ కంది పండే నేలలే. అక్కడ కందిని ఎంబాజీ అంటారు. మా పక్కనే పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి నైరోబీలో కూడా ఆఫీసుంది, ఆ ప్రాంతానికి సరిపడే కంది రకాల మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. తూర్పు ఆఫ్రికా కంది మన మార్కెట్‌కే వస్తుంది. మొజాంబిక్‌తో 2016లో, మలావీతో 2021లో మన ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుంది.

మన దగ్గర దిగుమతి గేట్లు తెరిస్తే నా ధర పడుతుంది, మూస్తే వాళ్ళ ధర పడుతుంది. వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. నువ్వు వెళ్తే అక్కడి రైతుని అడుగు, కిలోకి ఎంత వస్తుంది, పురుగుకి ఏం కొడతారు, పప్పు చేయడానికి మిల్లు ఉందా అని. నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

పల్నాటి_రైతుబిడ్డ · మే 11

అందరూ చెప్పింది విన్నాను. ఫెర్రర్ గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒకటి అడుగుతాను. టికెట్టు, టీకా, ఇన్సూరెన్స్ డబ్బంతా నేరుగా పంపేస్తే ఎన్ని సిమెంటు బస్తాలు వస్తాయి? రాళ్ళు మోయడానికి అక్కడ మనుషులకి కొదవా?

నరసాపురం_నైరోబీ · మే 11

న్యాయమైన ప్రశ్న. కొదవ లేదు. రాళ్ళు మోయడానికే అయితే డబ్బు పంపడమే మేలు, నేనూ అదే చెప్తాను.

కానీ నేను వృత్తిరీత్యా చూసేది లెక్కలే. చిన్న సంస్థలకి సిమెంటుకి డబ్బు ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. లెక్కలు రాసే మనిషి జీతానికి ఇచ్చేవాళ్ళు దొరకరు. రిపోర్టు సమయానికి పోకపోతే తర్వాతి ఏడు సిమెంటు డబ్బు కూడా రాదు. నేను చూస్తుండగానే రెండు మంచి సంఘాలు అలాగే ఆగిపోయాయి. అక్కడ ఒక చదువుకున్న అమ్మాయో అబ్బాయో మూడు నెలలు కూర్చుని, వెళ్ళేలోపు సంఘం సెక్రటరీకి పని అప్పజెప్పి రాగలిగితే ఆ టికెట్టు దండగ కాదు. అప్పజెప్పకుండా వస్తే దండగే.

చిత్రావతి_ఒడ్డు · మే 12

ఇద్దరూ సరిగ్గా చెప్పారు. తల్లీ, వెళ్ళు. టేపు ఒకటి పట్టుకెళ్ళు, ముప్పై మీటర్లది.

మల్లెమొగ్గ_హైద్ · ఆగస్టు 2

చాలా రోజులైంది, క్షమించండి. వచ్చి నాలుగు వారాలు దాటింది. వోటే పట్టణం నుంచి గంటన్నర లోపలికి ఉన్నాను. ఒక విధవరాలి ఇంట్లో గది ఇచ్చారు. ఆమెని అందరూ పెద్దకొడుకు పేరు పెట్టి "ఫలానావాడి అమ్మ" అని పిలుస్తారు, మన పల్లెల్లో పిలిచినట్టే. నేను మామా అంటాను.

నిన్నటి పనిరోజు గురించి రాస్తాను. ఇక్కడ కలిసి చేసుకునే పనిని మ్వేత్య అంటారు, కాంబాల్లో పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. పొద్దున్న ఆరున్నరకి చలిగా ఉంది. వాగులో అప్పటికే నలభైమంది దాకా ఉన్నారు, ముప్పైమంది ఆడవాళ్ళే. సంఘం సెక్రటరీ ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి, అట్ట చిరిగిన నోటుబుక్కు తెరిచి పేర్లు పిలిచింది. రానివాళ్ళ పేరు ఎదురుగా సున్నా చుట్టింది. వాళ్ళు ఇంకోరోజు వచ్చి చేయాలి, లేదా జరిమానా కట్టాలి. చివర్లో నా పేరు కూడా పిలిచింది. ఆ పుస్తకంలో నా పేరు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒడ్డు మీద రాళ్ళ గుట్ట నుంచి గోడ దాకా వరస కట్టాం. రాయి చేతినుంచి చేతికి వస్తుంది. నా ఎడమవైపు ఒక ముసలావిడ, కుడివైపు బాలింత, చెట్టుకింద ఆమె పాప నిద్రపోతోంది. మొదట నేను రాయిని పైనుంచి పట్టుకుంటున్నాను. ముసలావిడ ఏమీ అనకుండా నా అరచేతుల్ని తిప్పి కిందనుంచి పెట్టి, మోచేతులు నా నడుముకి ఆనించింది. బరువు సగమైంది. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు, చరణం చివర్లో రాయి చేయి మారుతుంది. మాలు మోసే ఇనుప తట్టని ఇక్కడ కరాయి అంటారు. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను, మన కడాయే.

సిమెంటు కలపడానికి, గోడకి నీళ్ళు పట్టడానికి కావాల్సిన నీళ్ళు గాడిదల మీద పసుపు డబ్బాల్లో వస్తాయి. ఒక్కో డబ్బా ఇరవై లీటర్లు, గాడిదకి నాలుగు. గాడిద లేనివాళ్ళు నుదుటికి పట్టీ కట్టి వీపు మీద మోస్తారు. నీళ్ళ కోసం కట్టే గోడకి ముందు ఇన్ని నీళ్ళు మోసుకొచ్చి పొయ్యాలి. అది చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

మధ్యాహ్నం పెద్ద గిన్నెలో ముథోకోయి వచ్చింది. పొట్టు తీసిన మొక్కజొన్న, దాంతో ఉడికించిన కందులు. కందిచేను తమ్ముడూ, ఇది కోతకాలం. సాయంత్రం పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి నా ఒళ్ళో పోశారు. దేవరకొండలో సంక్రాంతి ముందు అమ్మమ్మ సరిగ్గా ఇలాగే పెట్టేది. మామాకి ఆ సంగతి చెప్పాను, భాష సగమే అర్థమై ఉంటుంది. ఆమె ఇంకో గుప్పెడు పోసింది.

చిత్రావతి సార్, మీ టేపుతో రెక్క కొలిచాను. ఎడమ ఒడ్డులోకి ఏడు మీటర్లు, కుడి ఒడ్డులోకి తొమ్మిది. కుడి ఒడ్డు మెత్తగా ఉందని ఎక్కువ పెట్టారు.

చిత్రావతి_ఒడ్డు · ఆగస్టు 3

కుడివైపు ఎక్కువ పెట్టారంటే ఆ మేస్త్రీకి వాగు తెలుసు. ఆయనకి నా నమస్కారం చెప్పు. ఒడ్డు మీద గడ్డి నాటించమను, నేపియర్ అయితే పశువులకీ పనికొస్తుంది.

తాండూరు_కందిచేను · ఆగస్టు 3

అక్కా, మీ ముథోకోయి మాట మా అమ్మకి చదివి వినిపించిన. కందులు మొక్కజొన్నతోని ఎట్ల ఉడుకుతయి, రెండిటికి టైమ్ వేరు కదా అని అడుగుతున్నది. రాత్రంతా నానబెడతారా?

మల్లెమొగ్గ_హైద్ · ఆగస్టు 4

అవును, రాత్రంతా నానబెడతారు. కట్టెల పొయ్యి మీద మూడు నాలుగు గంటలు ఉడుకుతుంది. ధర సంగతి కూడా అడిగాను. దళారీ లారీ వేసుకొచ్చి తనకి తోచిన ధర చెప్తాడట. ఇక్కడ మిల్లు లేదు, గింజలుగానే అమ్మేస్తారు. కాయతొలుచు పురుగు గురించి అడిగితే ఒకాయన నవ్వకుండా, నా చేయి పట్టుకుని చేలోకి తీసుకెళ్ళి చూపించాడు. మూడో వంతు కాయలకి బెజ్జాలు. వీడియో నీకు పంపుతాను, ఆయన అనుమతి తీసుకున్నాను. ఆయనకి నీ చేను వీడియో కావాలట.

మల్లెమొగ్గ_హైద్ · సెప్టెంబరు 14

రెండు వారాల్లో బయల్దేరుతున్నాను. నా పని గురించి చెప్పాలి.

వచ్చేముందు ఒక యాప్ తయారుచేసుకొచ్చాను. ఇక్కడికి వచ్చాక సెక్రటరీ నోటుబుక్కు మొత్తం చదివాను. 2019 నుంచి ప్రతి పనిరోజూ, ప్రతి మనిషీ, సంఘం పొదుపు ప్రతి షిల్లింగూ అందులో ఉంది. 2020 చివరినుంచి వరసగా ఐదు వానకాలాలు ఇక్కడ సరిగ్గా పడలేదు. ఆ రెండున్నరేళ్ళ పేజీల్లో సున్నాలు ఎక్కువ, చాలామంది పనికోసం పట్టణాలకి వెళ్ళిపోయారు. అయినా ఒక్క నెల కూడా మీటింగు ఆగలేదు. పొదుపు మాత్రం నెలకి కొంచెమే. ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి నా యాప్ వాడమనడానికి నాకు నోరు రాలేదు. మన డ్వాక్రా సంఘాల పుస్తకాలు చూసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

చేసింది ఇంతే. పుస్తకంలోని గడులే ఫోన్ షీట్‌లో పెట్టాం, వాళ్ళ మాటల్లోనే. సెక్రటరీ రాస్తుంది, ఆమె కూతురు ఫొటో తీసి ఎక్కిస్తుంది. పొదుపు ఎంపెసాలో (ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) వస్తుంది కాబట్టి మెసేజ్‌తో సరిచూసుకోవచ్చు. లిలాంగ్వే అక్క చెప్పినట్టు మరమ్మతు డబ్బుకి వేరే గడి పెట్టమని అడిగాను. రెండు మీటింగులు వాదించుకుని, మూడోదాంట్లో ఒప్పుకున్నారు. పాత ఆనకట్టలు పదకొండింటి దగ్గర చెలమల్లో నీరు ఎంత లోతులో ఉందో టేపుతో కొలిచి రాశాం. ఇకమీదట నెలకోసారి వాళ్ళే కొలుస్తారు. టేపు వాళ్ళకి ఇచ్చేస్తున్నాను సార్.

ఒక చేదు సంగతి. పోయిన వారం రాత్రి పాత ఆనకట్ట ఒకదాని దగ్గర ఇసుక తవ్వుకుపోయారు. నైరోబీ భవనాలకి ఇసుక కావాలి, లారీలు రాత్రిళ్ళే వస్తాయి. 2015లోనే ఈ కౌంటీ ఇసుక రక్షణకి చట్టం చేసింది, చాలా తగ్గిందంటారు కూడా, అయినా రాత్రికి భయం ఉండనే ఉంది. పొద్దున్న వెళ్ళి చూస్తే ఇసుకలో లోతైన టైరు గుర్తులు, నాలుగు పెద్ద గుంటలు. ముసలావిడ, నాకు రాయి పట్టుకోవడం నేర్పినావిడే, ఆ గుంట అంచున కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇప్పుడు వంతులవారీగా కాపలా పెట్టుకున్నారు.

పల్నాటి_రైతుబిడ్డ · సెప్టెంబరు 14

చెల్లీ, ఇసుక లారీల సంగతి చదివి మా వాగే గుర్తొచ్చింది. అక్కడ కాపలా వంతులు ఎలా వేసుకున్నారో వివరంగా రాసి పంపగలవా? మా ఊళ్ళో కొందరం కూర్చుని మాట్లాడుకోవాలనుకుంటున్నాం.

మల్లెమొగ్గ_హైద్ · సెప్టెంబరు 15

తప్పకుండా అన్నా. సెక్రటరీని అడిగాను. ఆ పేజీ ఫొటో తీసి, పక్కన తెలుగులో రాసి పంపుతున్నాను. రాత్రికి నలుగురు, రెండు ఇళ్ళనుంచి. లారీకి అడ్డం వెళ్ళకూడదు, ఈల ఊది నంబరు రాసుకోవాలి, చీఫ్‌కి (ఇక్కడి స్థానిక ప్రభుత్వ అధికారి) ఫోన్ చేయాలి. ఇది వాళ్ళ మొదటి నియమం, మనిషికి దెబ్బ తగలకూడదని.

నరసాపురం_నైరోబీ · డిసెంబరు 7

మల్లెమొగ్గ అడిగితే నిన్న ఆదివారం కుటుంబంతో కలిసి ఆ ఊరు వెళ్ళొచ్చాను. నవంబరు వానలు బాగా పడ్డాయి. వాగు మూడుసార్లు వచ్చిందట. గోడ నిలబడింది. రెండు ఒడ్లూ చూశాను, కుడివైపు కొంచెం కోసినట్టుంది కానీ రెక్క బయటపడలేదు, గడ్డి నాటారు. గోడ వెనక నడుము లోతు ఇసుక చేరింది. మా అమ్మాయి చేత్తో తవ్వితే మోచేయి లోతులో నీళ్ళు ఊరాయి, తాగుతానంది, ఆపాను.

సెక్రటరీగారు నోటుబుక్కు చూపించారు. నవంబరు కొలతలు పదకొండు ఆనకట్టలకీ రాసి ఉన్నాయి, కొత్తదానితో పన్నెండు. చెల్లీ, పేర్ల పట్టికలో నీ పేరు ఇంకా ఉంది. అక్టోబరు నుంచి ఎదురుగా సున్నాలు చుడుతున్నారు.

మల్లెమొగ్గ_హైద్ · డిసెంబరు 7

అన్నా, ఆఫీసులో కూర్చుని ఏడుస్తున్నాను. జరిమానా ఎంతో కనుక్కోండి, ఎంపెసాలో మీరు కట్టేయండి, నేను మీకు పంపుతాను. వచ్చే ఆగస్టుకి సెలవు పెట్టాను.

చిత్రావతి_ఒడ్డు · డిసెంబరు 8

నరసాపురం బాబూ, మంచి పని చేశావు. ఆ చేరిన ఇసుక గుప్పెట్లో తీసుకుని నలిపి చూశావా? వేళ్ళ మధ్య గరగరలాడిందా, జిగటగా ఉందా?

నరసాపురం_నైరోబీ · డిసెంబరు 8

నలిపి చూశాను సార్, గరగరలాడుతోంది. కొంచెం కాగితంలో చుట్టి తెచ్చాను. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను, మీకు పంపుతాను.